ఆ ఇంట్లో అనకూడని మాట

మా అక్క కూతురు కల్పనకు కోపం ఎక్కువని పెనుకొండ నుంచి ధర్మవరం దాకా మా చుట్టాలందరికీ తెలుసు. ఎందుకు ఎక్కువో అడిగిన మనిషిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. పెళ్లిళ్లలో నన్ను పక్కకు పిలిచి, "గంగాదేవీ, నువ్వు టీచరమ్మవు గదా, ఆ పిల్లకు రవ్వంత నెమ్మది నేర్పకూడదా" అంటారు. నేర్పను. హిందూపురం హైస్కూల్లో రిటైరయ్యేదాకా లెక్కలు చెప్పాను గానీ నెమ్మది నాకే రాలేదు. మా పుట్టింటి ఆడవాళ్లకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని దించుకోమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది.

కల్పన బెంగళూరు విమానాశ్రయంలో పనిచేస్తుంది. ప్రయాణికుల విమానాల్లో కరెంటు సామాను బాగుందో లేదో చూడడం, చెడిపోయినదాన్ని తీసి కొత్తది వేయడం ఆమె పని. టార్చిలైటు, పుల్ల చివర బిగించిన చిన్న అద్దం పట్టుకుని సీట్ల కింద, గోడల వెనక, మనిషి దూరడానికి వీల్లేని సందుల్లో దూరి తీగలు చూస్తుంది. ఆమె టికెట్టు కొనుక్కుని విమానం ఎక్కింది ఒక్కసారే. అప్పుడు కూడా ఏదో వాసన వస్తోందని ముక్కు ఎగబీలుస్తూ కూర్చుందని ఆమె మొగుడు ఉమేష్ ఇప్పటికీ నవ్వుతాడు. ఆ వాసన వెనక సీటాయన తెచ్చుకున్న ఎండుచేపలది.

ఆమె కోపం ఎక్కడ పుట్టిందో చెబుతాను. పెనుకొండకు దగ్గర్లో, హైవే పక్కనే వాళ్ల ఊరు. మా బావ ముత్యాలప్పకు గొర్రెలు, బోరు కింద కొంచెం చేను. కల్పన పదో తరగతి చదివేటప్పుడు, వేరుశనగ ఊడలు దిగే అదనులో, చేల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయింది. లైన్‌మన్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. ఎత్తినా వచ్చేవాడు కాదు. ఫ్యూజు పోతే రైతే వేసుకోవాలి, మా వైపు ఊళ్లన్నింట్లో అదే చట్టం. ఎవడు రాశాడో తెలియదు గానీ చచ్చేది మాత్రం రైతే. కింద హ్యాండిల్ దించితే పైన తీగలను కలిపే మూడు ఇనుప కత్తులు విడిపోయి కరెంటు ఆగిపోవాలి. ఆ రోజు రెండు విడిపోయాయి. మూడోది తుప్పు పట్టి అట్లాగే అతుక్కొని ఉంది. పైకెక్కినవాడు కల్పన అన్న దేవేంద్ర, డిగ్రీ చదువుతున్న పిల్లవాడు. "ఏం కాదులే, ఎక్కు" అని కింద నుంచి అన్నది వాళ్ల నాయనే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయన ముందు ఎవరూ ఎత్తరు.

దినాల నాడు ఒక పెద్దమనిషి కల్పన తల నిమిరి, "ఏం కాదులే పాపా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. పదిహేనేళ్ల పిల్ల చేతిలో ఉన్న నీళ్ల చెంబును ఆయన కాళ్ల దగ్గరకు విసిరికొట్టింది. చెంబు సొట్టపోయింది. ఇప్పటికీ ఆ ఇంటికి ఎవరొచ్చినా కాళ్లు కడుక్కోవడానికి ఆ సొట్ట చెంబుతోనే నీళ్లిస్తారు. ఆ రోజు మొదలు ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. పాలు పొంగిపోయినా మా అక్క సిద్ధమ్మ అనదు, గొర్రె కుంటుతూ వచ్చినా బావ అనడు.

ఇంకొకటి కూడా ఆగిపోయింది. కల్పన వాళ్ల నాయనతో నేరుగా మాట్లాడడం మానేసింది. ఆయన ఎదురుగా మంచం మీద కూర్చుని ఉంటే, "అమ్మా, ఆయప్ప తిన్యాడా" అని అడుగుతుంది. ఆయన కూడా, "సిద్ధమ్మా, పాపకు బస్సు టైమైందేమో చూడు" అంటాడు. ఆమె నోట నాయన అన్న పిలుపు విని ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. మధ్యలో మా అక్క ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి మోసి ముసలిదైపోయింది.

కరెంటు పేరెత్తితే ఆ ఇంట్లో అందరూ వణికేవాళ్లు. కల్పన ఒక్కతే పళ్లు కొరికేది. హిందూపురంలో మా ఇంట్లో ఉండి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివింది. తర్వాత బెంగళూరులో విమానాల చదువు చదివి, విమానం ఎగరవచ్చని సంతకం పెట్టే లైసెన్సు తెచ్చుకుంది. కోపంతో ఏ పనీ కాదంటారు పెద్దలు. ఇదంతా కోపంతో అయిన పనే.

ఇక పోయిన నెల జరిగింది చెబుతాను. విమానంలో మన ఇళ్లలోలాగా ఫ్యూజు తీగలుండవట. ఒక పలక నిండా చిన్న చిన్న నల్ల బొత్తాలుంటాయి. ఏ తీగలోనైనా కరెంటు మితిమీరితే దాని బొత్తాం టక్కున బయటికొచ్చి ఆ దారి ఆగిపోతుంది. వేలుతో లోపలికి నొక్కితే మళ్లీ నడుస్తుంది. నొక్కడం ఎవరికైనా వస్తుంది. ఎందుకు బయటికొచ్చిందో చూడకుండా నొక్కకూడదన్నదే అసలు పని.

ఒక విమానంలో వెనక వంటగదిలో నీళ్లు కాచే యంత్రం బొత్తాం బయటికొచ్చింది. ఆ షిఫ్టు ఇన్‌ఛార్జి లక్ష్మీనారాయణ అనే ఆయన, మన ధర్మవరం మనిషే. నొక్కించి పంపాడు. విమానం దిగాక బొత్తాం మళ్లీ బయటికొచ్చింది. మళ్లీ నొక్కించి పంపాడు. మూడోసారి కల్పన షిఫ్టులో దిగింది. ముందు రెండుసార్లు ఏం చేశారో కాఫీ పోసే అమ్మాయిలే ఆమెకు చెప్పారు. కల్పన నొక్కలేదు. వంటగది వెనక పలక విప్పించి అద్దం పెట్టి చూసింది. తీగలన్నీ కట్టగా కట్టి ఇనుప పట్టీతో బిగించి ఉన్నాయి. పట్టీ లోపలి రబ్బరు ఎండి రాలిపోయింది. ఇనుప అంచు ఆడి ఆడి తీగ తొడుగును కోసేసింది. లోపలి రాగి కనబడుతోంది, చుట్టూ నల్లగా కమిలింది. పక్క తీగలకు కూడా సెగ తగిలింది. అంతా ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంది.

షిఫ్టు మారే వేళకు లక్ష్మీనారాయణ అక్కడికొచ్చాడు. ఆ బొత్తాం బయటికి లాగి కట్టేసి, ఈ పూటకు వేడినీళ్లు లేకుండా పంపుదామన్నాడు. కట్టలో మిగతా తీగలు కూడా కమిలాయి, వాటిని మార్చనిదే కదలనివ్వనంది కల్పన. కొత్త తీగలు మరుసటి రోజుకు గానీ రావు. బయట ప్రయాణికులు అరుస్తున్నారు. "నీ పిల్లలను ఎక్కించి పంపుతావా సార్?" అని అందరి ముందూ అడిగింది. ఆమె సంతకం పెట్టలేదు. విమానం ఆ రోజంతా అక్కడే నిలబడింది.

మరుసటి రోజు తీగలు వచ్చాయి, పట్టీ మార్చారు, విమానం ఎగిరింది, దిగింది. ఏమైంది? ఏమీ కాలేదు. నా కడుపు మండేది ఇక్కడే. ఈ పని సరిగ్గా చేస్తే ఏమీ కాదు. ఏమీ కాకపోతే ఎవరికీ కనబడదు. మంటలు లేచి ఉంటే వారం రోజులు టీవీలో చూపించేవాళ్లు, దండలు వేసేవాళ్లు, పెద్దపెద్ద వాళ్లు వచ్చి ఫొటోలు దిగేవాళ్లు. మంటలు లేవకుండా ఆపినదాన్ని మాత్రం, నోటి దురుసు మనిషని లక్ష్మీనారాయణ రాసిచ్చిన ఫిర్యాదు మీద, విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గర కూర్చోమంది కంపెనీ.

చుట్టాలకు పండగైంది. "ఆడపిల్లకు అంత నోరేల?" అని ఒకరు. "ఉండే ఉద్యోగం ఊడగొట్టుకునింది" అని ఇంకొకరు. ఉమేష్ మంచివాడే, అయినా నోరు జారాడు. "రెండు మాటలు సారీ చెప్పేస్తే పోయేదేముండాది?" అన్నాడు. కల్పన ఆ పూటే బ్యాగు సర్దుకుని పుట్టింటికి పోయింది. తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటే ఎవరు ఎవరి నెత్తి పగలగొడతారోనని ఆమె వెనకాలే నేనూ పోయాను.

ఆదివారం మధ్యాహ్నం లక్ష్మీనారాయణ కారు వాళ్లింటి ముందు ఆగింది. ధర్మవరంలో పెళ్లికి పోతూ దారిలో దిగానన్నాడు. శత్రువైనా గడప తొక్కితే అన్నం పెట్టే ఇల్లది. సొట్ట చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చి, చాప పరిచి, రాగి సంగటి, ఊరిమిండి పచ్చడి వడ్డించింది మా అక్క. మా బావ గడప దగ్గర కూర్చుని తల్లి చనిపోయిన గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టిస్తున్నాడు. కల్పన గోడకు ఆనుకుని నిలబడింది.

లక్ష్మీనారాయణ సంగటి ముద్దలో వేలు పెట్టి, మెత్తగా మొదలుపెట్టాడు.

"చూడమ్మా, మనం మనం ఒక పక్కోళ్లం. రేపు విచారణలో ఒక మాట చెప్పు చాలు. ఆ బొత్తాం మా షిఫ్టులో బయటికి రాల్యా, మొదటిసారి నీ చేతికే వచ్చింది. కోపంలో నామీద అరిస్తినని ఇంగొక మాట. అంతే, ఎల్లుండే డ్యూటీకి వచ్చేయొచ్చు."

"చెప్పకపోతే?" అంది కల్పన.

"చెప్పకపోతే నా షిఫ్టువాళ్లు ఇద్దరు వేరే చెప్తారు. పలక విప్పేటప్పుడు నువ్వే లాగి తీగ తెంపినావంటారు. నీ ఫొటోలో తెగిన తీగ కనపడుతుంది గానీ తెంపింది ఎవరో కనపడదు గదా. అప్పుడు నీ లైసెన్సు ఉంటుందా? యాడ పోయినా ఇంగ విమానం మీద చెయ్యి పెట్టనిస్తారా?"

నా చెయ్యి దురద పెట్టింది. ముప్పై ఏళ్లు బెత్తం పట్టిన చెయ్యి. మా ఇంటి అన్నం ముందు కూర్చుని, మా పిల్ల మెడ మీద కత్తి పెట్టి, ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో చూడండి. నేను నోరు తెరవబోతే మా అక్క మోచేత్తో పొడిచింది. కల్పన ముఖం ఎర్రబడింది. లైసెన్సు అన్నచోట ఆమె కళ్లు ఒక్క క్షణం దిగిపోయాయి. అది నేను చూశాను, లక్ష్మీనారాయణ కూడా చూశాడు. ఒప్పుకుంటుందనుకున్నాడు. గొంతు ఇంకా మెత్తగా చేసి ధైర్యం చెప్పాడు.

"ఏం కాదులేమ్మా. విమానం బాగానే తిరుగుతాండాది గదా."

మా అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. పక్కనే ఉన్న చెంబు ఈసారి ఆయన నెత్తికే తగులుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే తగలాలనే అనుకున్నాను. అంతలో మా బావ గొర్రెపిల్లను కింద దించి, పంచెకు చేతులు తుడుచుకుని లేచాడు.

"సారూ, ఆ మాట ఈ ఇంట్లో అనం."

"ఏ మాటప్పా?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"ఇప్పుడు నువ్వనిన మాటే. నా కొడుకుతో నేననిన మాట. వాడు ట్రాన్స్‌ఫారం కాడ నిలబడుకోని, నాయనా, నాకెందుకో అనుమానంగా ఉండాది, లైన్‌మన్ను రానీ అన్యాడు. నేను ఇనల్యా. చేను ఎండిపోతాండాదని నా తొందర నాది. ఏం కాదులే, ఎక్కు అంటి."

ఆయన నోట ఆ సంగతి రావడం అదే మొదలు. ఇన్నేళ్లలో పెళ్లాంతో కూడా అనలేదు. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కల్పన గోడను వదిలి నిటారుగా నిలబడి ఆయన ముఖంలోకి చూసింది.

"ఆ పొద్దు ట్రాన్స్‌ఫారం కాడ మేం పదిమందిమి ఉంటిమి," అన్నాడు బావ. "ఒగరన్నా నామీద కోపం చేయల్యా. ఒగరన్నా వాని చెయ్యి పట్టుకోని నిలపల్యా. మీ కాడ నిలిపేదానికి ఒగరుండారు. ఆ ఒగరి నోరు గూడా మూపిచ్చేదానికి నా ఇంటికే వస్తివి. నా బిడ్డ చెప్పదు సారూ. సంగటి చల్లారిపోతాంది, తిని పో."

లక్ష్మీనారాయణ తినలేదు. ముద్ద అట్లాగే వదిలి, చెయ్యి కడుక్కుని కారెక్కాడు. పోతూ పోతూ నా వంక చూసి, "మీరు చదువుకున్నోళ్లు, మీరన్నా చెప్పండి మేడమ్" అన్నాడు. ఏం చెప్పానో రాస్తే బాగుండదు. కారు హైవే ఎక్కేదాకా చెబుతూనే ఉన్నాను.

కల్పన గడప దగ్గర వాళ్ల నాయన పక్కన కూర్చుని, సగం మిగిలిన సీసా తీసుకుని గొర్రెపిల్లకు పట్టింది. ఆయన దాని మెడ పట్టుకున్నాడు. సాయంత్రం దాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

సోమవారం పొద్దున విచారణకు పోవడానికి ఆమె హైవే మీద బస్సు కోసం నిలబడింది. నేను సాగనంపడానికి పోయాను. ఎప్పుడూ రాని మా బావ కూడా భుజాన గొంగడి వేసుకుని వచ్చాడు. ఆమె ఉద్యోగం ఉంటుందో పోతుందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. లక్ష్మీనారాయణ చెప్పింది చేసే మనిషే, ఆ ఇద్దరూ ఆయన చెప్పమన్నది చెప్పేవాళ్లే. బిడ్డను అట్లాంటి చోటికి పంపేటప్పుడు తండ్రి నోటికి ముందుగా వచ్చే మాట ఒకటుంది. దూరంగా బస్సు కనబడగానే మా బావ నోరు తెరిచాడు, మూసుకున్నాడు.

"ఏమన్నా కానీ పాపా," అన్నాడు చివరికి. "చూసింది చూసినట్ల చెప్పు."

"చెప్తా నాయనా," అంది కల్పన.