నా పేగుకు వీడ్కోలు విందు

మనిషి తన గొయ్యి తానే తవ్వుకోవడం మీరు చూసే ఉంటారు. నేను అప్పడాలు నంజుకుంటూ తవ్వుకున్నాను, వినండి.

డెబ్బైల నాటి మాట. అబిడ్స్‌లో గుమాస్తాని, బరువు నూట ముప్ఫై కిలోలు. ఫైలు తెరిస్తే నిద్ర, మూస్తే నిద్ర. పడుకుంటే గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. మా ఆవిడ సుభద్ర కుదిపితేనే మళ్లీ ఆడేది. ఆరేళ్లుగా ఆ పిచ్చిదానికి కంటినిండా నిద్ర లేదు.

చివరికి నాంపల్లిలో, విదేశాల్లో చదివొచ్చిన సర్జన్ దగ్గరికి లాక్కెళ్లింది.

"పేగు పొట్టి చేసి కలుపుతం. తిన్నది ఒంటికి పట్టదు. బరువు దిగితే ఊపిరి గిట్ల ఆగదు. కానీ ముందు నెల రోజుల్ల పది కిలోలు తగ్గాలె. గట్లయితేనే మత్తిస్తం" అన్నాడాయన.

సుభద్ర దండం పెట్టింది. నా చెవిలో మాత్రం "ఒంటికి పట్టదు" ఒక్కటే మిగిలింది. మర్నాడు ఆఫీసులో పక్క సీటు మల్లేశం దగ్గర గొల్లుమన్నాను.

"ఔ సార్, పేగే పోయినంక ఇంకేం తింటరు? ఉన్నప్పుడే తినాలె. ఫికర్ చెయ్యకున్రి, మేమున్నం!"

ఉన్నారు మరి! ఎవరైనా బదిలీ అయితే వీడ్కోలు విందు ఇవ్వడం మా ఆఫీసు ఆనవాయితీ. నా పేగుకు సెక్షన్‌కొకటి చొప్పున ఇచ్చారు. బగారన్నం, పూర్ణాలు, డబల్ కా మీఠా. పేగుండగానే పొట్ట చక్కబెట్టుకోవాలి కదండీ! ఇంటికొచ్చి కాకరకాయ ముక్కలు కెలికి లేచేవాణ్ణి.

"సగం కూడా తినడం లేదు. తగ్గిపోతారు లెండి" అని మురిసిపోయేది సుభద్ర.

ఆపరేషన్ రోజున సర్జన్ ఎదుట కాటా ఎక్కాను.

"ఏంది సార్ గిది? ఎనిమిది కిలోలు పెరిగిన్రు! మత్తిస్తే మళ్ల లేవరు. ఇంటికి పోన్రి!"

మొహం వేలాడేసుకుని వరండాలోకి వచ్చాను. బెంచీ మీద గోడకు జారగిలబడి సుభద్ర నిద్రపోతోంది. నన్ను డాక్టర్ల చేతిలో పెట్టేసింది కదా, ఇక కాపలా వాళ్లదే అనుకుంది పాపం. ఆరేళ్లలో ఆవిడ అలా పడుకోగా చూడలేదు. లేపి ఏం చెప్పను? నా మీద నాకే అసహ్యం వేసింది.

పక్కనే కూర్చుని ముక్కోటి దేవతల సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో మళ్లీ ఏ పేగుకూ వీడ్కోలు విందు ఆరగించను. సుభద్ర తనంతట తాను లేచేదాకా రెప్ప వాల్చను.

కాసేపటికి ఎవరో నా భుజం పట్టి కుదిపేస్తున్నారు.

"ఏమండీ! ఏమండీ! ఊపిరి తీసుకోండి!"