నేను తగిలించిన అండి

ఈ రోజుల్లో ఫోనుతో తెలుగులో మాట్లాడితే అది మర్యాదగా "చెప్పండి" అంటోంది. ఆ మర్యాద దానికి నేర్పింది నేనే. భీమవరంలో మా వీధిలో ఈ సంగతి నేను చెప్పని ఇల్లు లేదు.

మా అబ్బాయిది కాకినాడలో ఉద్యోగం. శనివారాలు వస్తాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ, కోడలూ. బీటెక్ చదివిన పిల్ల. మధ్యాహ్నం భోజనాలు కాగానే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. ఫ్యాను కూడా ఆపేసేది. నడివేసవిలో ఫ్యాను ఆపుకుని కూర్చునే మనిషిని అనుమానించక ఏం చేస్తాం?

పేపరు చదువుతున్నట్టు నటిస్తూ కుర్చీ ఆ తలుపు దగ్గరకు జరిపాను.

"ఎక్కడున్నావ్? త్వరగా రా," అంటోంది లోపల. కాసేపాగి, "ఇంట్లో ఎవరూ లేరు."

నేనున్నానుగా! పైగా మొగుణ్ణి ఏనాడూ "మీరు" తప్ప "నువ్వు" అనని పిల్ల. మరి వీడెవడు?

మూడు రోజులు విన్నాను. నాలుగో రోజు తలుపు కొట్టాను.

"ఎవరితోనమ్మా ఆ మాటలు?"

"ఫోనుతోనండి మావయ్యగారూ."

"అదే, ఫోన్లో ఎవరితో అని?"

"ఎవరూ లేరండి. స్క్రీన్ మీద వాక్యాలొస్తాయి. ఉన్నవున్నట్టు చదివితే రికార్డయి వెళ్ళిపోతాయి. అవి విని కంప్యూటర్లు తెలుగు నేర్చుకుంటాయంట. ఫ్యాను చప్పుడు పడినా తిప్పి పంపేస్తారు. ఇప్పటికే రెండుసార్లు చెప్పారండి, ఇంకోసారైతే తీసేస్తామని."

చెమటలు కారుతూ గోడకేసి మాట్లాడ్డం ఉద్యోగమా? నేను నమ్మలేదు. కుర్చీ లోపలికి తెచ్చుకుని, నా ఎదురుగా చదవమన్నాను. ఐదింటిలోగా పంపాలట. నేనా, కదలను.

"లైటు ఆర్పు," అంది ఫోను నోటి దగ్గర పెట్టుకుని.

"ఆర్పండి," అన్నాను నేను.

"అయ్యో, మీరు మాట్లాడకూడదండి!"

"ఏకవచనమేంటమ్మా? వింటే మనింటి గురించి ఏమనుకుంటారు?"

"మెషీన్‌కి మర్యాదేంటండి మావయ్యగారూ?"

"అవతల వినేది మనిషి కాదని నీకెవరు చెప్పారు?"

ఆమె గడియారం చూసుకుని మళ్ళీ చదవసాగింది. "తలుపు తియ్యి," అంటే నేను "అండి" తగిలించాను. "పాట ఆపు," అంటే మళ్ళీ తగిలించాను. నన్ను బయటికి పొమ్మనడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. అది నాకు తెలుసు.

ఇప్పుడు నిజం చెప్పాలి. ఫోన్లకు మర్యాద నేర్పానన్నది సాగదీసిన మాట. ఆ మధ్యాహ్నం నేనన్నది ఓ పాతిక అండీలు, అంతే. అవి ఏ ఫోనుకు చేరాయో దేవుడికెరుక. గొంతు ఎండిపోయేలా వేల వాక్యాలు చదివింది మాత్రం కోడలు. ఆ తర్వాత వారంలో ఆ పనీ అయిపోయింది.

ఇంతవరకు రాసి ఆమెకు చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ వింది. చేట కింద పెట్టింది.

"అయిపోలేదండి. మీ గొంతు పడిందని నన్ను తీసేశారు. అది రాయండి."