ఒక్క బల్బు మామ్మగారు

అమలాపురంలో మేము అద్దెకున్న నాలుగు వాటాల మేడలో ఏ ఉమ్మడి ఖర్చు వచ్చినా, వెనక వాటా మామ్మగారు చూపుడువేలు పైకెత్తి ఒకటే మాట అనేవారు: "మాది ఒక్క బల్బేనండీ."

ఓ మే నెల పొద్దున్న మీటర్ల దగ్గర మెయిన్ వైరు కాలిపోయి మెట్ల నిండా పొగ కమ్మింది. పై వాటాలో బాలింత ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చాడు గాని, డబ్బు మొత్తం చేతిలో పడితేనే పని మొదలుపెడతానన్నాడు. నాన్న ఖర్చుని నాలుగిళ్ళకీ సమానంగా పంచారు. మూడు వంతులు వచ్చాయి. అందరం మామ్మగారి వంకే చూస్తున్నాం.

"ఫ్యాన్లూ ఫ్రిజ్జులూ మీవి. మాది ఒక్క బల్బేనండీ."

"వైరు అందరిదీ కదండీ మామ్మగారూ," నాన్న గొంతు పెంచారు.

పైన పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆవిడ ఒకసారి పైకి చూసి, "ఆయ్, అలాగేనండి" అని కొంగుముడి విప్పారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ చాప పట్టుకుని మా ఇంటికొచ్చి, సరిగ్గా ఫ్యాను కింద పరుచుకుని పడుకున్నారు. అమ్మ బిత్తరపోయి నాన్న వైపు చూసింది.

"ఏమన్నా పనుండి వచ్చేరాండీ?" అన్నారు నాన్న.

కళ్ళు తెరవకుండానే ఆవిడ ఆ వేలు ఫ్యాను వైపు ఎత్తారు.

"నా వంతు గాలండి."