నాలుగోసారి మోగాకే ఎత్తాలి

మా కోడలు పొద్దున్న ఆరింటికల్లా తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఫోను పక్కన స్టూలు మీద కూర్చునేది. బడికి వెళ్లడానికి కాదు, బడివాళ్లు పిలుస్తారేమో అని. పిలిస్తే ఆ పూటకి టీచరు, పిలవకపోతే ఇంట్లో మనిషి. ఏడుంపావు దాటిందంటే ఇక పిలుపు రాదని లెక్క. అప్పుడు లేచి, మడతలు చెడకుండా చీర విప్పి, నైటీ తొడుక్కుని వంటింట్లోకి వచ్చేది.

నాకు ఆ చీర సంగతే గిట్టేది కాదు.

"బయటికెల్లని చీరకి గంజేటి, ఇస్త్రీ ఏటి? పిలుపొచ్చాక కట్టుకుంటే అరిగిపోతావా?" అనేదాన్ని.

"పిలిచాక అరగంటే ఉంటుంది అత్తయ్యా. రిక్షా దొరకాలి, ప్రార్థన గంట కొట్టేలోపు చేరాలి. లేటైతే మళ్లీ పిలవరు."

"అయితే కరెంటు బిల్లు మీ పుట్టింటికి పంపిస్తానుండు."

తను గడియారం వైపు తిరిగిపోయేది.

మాది శ్రీకాకుళం వైపు. మా ఇంటాయన రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్ల షాపులో పని చేశారు. ఆయన పోయాక క్వార్టరు ఖాళీ చేసి, ఆ దగ్గరలోనే రెండు గదుల ఇంట్లో అద్దెకి ఉండేవాళ్లం. నేను, కొడుకు, కోడలు, ఒకటో క్లాసు చదివే మనవరాలు. కొడుకు గూడ్సు బండికి గార్డు. కోడలు భిలాయిలో పుట్టిన పిల్ల, బి.ఎడ్. చదివింది, హిందీ నీళ్లలా మాట్లాడుతుంది. నేను నాలుగో క్లాసుతో ఆపేసినదాన్ని. రిక్షావాడితో బేరమాడేంత హిందీ వస్తుంది నాకు, అంతే.

బడి మా ఇంటికి రెండు మైళ్లుంటుంది. అక్కడ ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ క్లాసు చూడటానికి ముగ్గురు ఆడవాళ్ల పేర్లు రాసి పెట్టుకున్నారు. మా కోడలిది మొదటి పేరు. రెండేళ్లుగా అలా పిలిచినప్పుడల్లా వెళ్లి వస్తోంది. ఇవాళ మూడో క్లాసు లెక్కలు, రేపు ఎనిమిదో క్లాసు సంస్కృతం, ఏదైతే అదే. ఆ ఏడు అయిదో క్లాసు టీచరుకి నెలలు నిండుతున్నాయి. ఆవిడ నాలుగు నెలలు రాదు. ఆ నాలుగు నెలలూ ఒక్కరికే ఇస్తామని హెడ్‌మేడం చెప్పిందట. వరసగా నాలుగు నెలలు చేస్తే సర్టిఫికెట్టు వస్తుంది. అది చేతిలో ఉంటే ఎక్కడైనా పర్మనెంటు పోస్టుకి అర్జీ పెట్టుకోవచ్చు. లేకపోతే జీవితమంతా ఈ స్టూలే. కోడలు నాతో ఈ మాట ఒక్కసారే చెప్పింది. రెండోసారి చెప్పాల్సిన పని లేకుండా దాని ముఖమే చెప్పేది.

ఇక ఫోను సంగతి. అది రెండు వేల అయిదో, ఆరో. ఇంట్లో డబ్బా ఫోను, కొడుకు చేతిలో కొత్తగా కొన్న సెల్లు. వాడు డ్యూటీ నుంచి వస్తూ బండి మా ఊరి దగ్గరి స్టేషను మందిర్ హసౌద్ దాటగానే ఇంటికి రెండుసార్లు మోగించి పెట్టేసేవాడు. ఆ మోత వినగానే నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేదాన్ని. ఎత్తితే డబ్బులు. ఎత్తకపోతే కబురుకి కబురూ అందుతుంది, ఖర్చూ ఉండదు. అందుకని ఇంట్లో ఒక కట్టు పెట్టాను. నాలుగోసారి మోగేదాకా ఎవరూ ఫోను ఎత్తకూడదు. నాలుగోసారీ మోగిందంటే అవతల మనిషికి నిజంగా మాట్లాడే పని ఉందన్నమాట. మొదట్లో ఒకసారి కోడలు రెండో మోతకే ఎత్తేస్తే వారం రోజులు దెప్పాను. ఆ తర్వాత తను కూడా స్టూలు మీద కూర్చుని, వేళ్లు బిగించుకుని, నాలుగు దాకా లెక్కపెట్టేది.

దసరా సెలవుల తర్వాత బడి నుంచి ఒక్క పిలుపూ రాలేదు. అక్టోబరు అయిపోయింది, నవంబరు అయిపోయింది. కోడలు చీర కట్టుకోవడం మానలేదు, విప్పడం మానలేదు. ఒక రోజు కూరల బజారులో హెడ్‌మేడం కనిపిస్తే నమస్తే పెట్టింది. ఆవిడ తల ఊపి, మాట్లాడకుండా వంకాయల బేరంలో పడిపోయిందట. ఇంటికి వచ్చి సంచీ కింద పెట్టి, "నేనేం తప్పు చేశానో తెలీట్లేదు అత్తయ్యా" అంది.

"వెల్లి అడుగు మరి."

"అడిగితే ఉన్న పేరు కూడా కొట్టేస్తారేమో."

డిసెంబరులో ఒక పొద్దున. పొగమంచు ఎంతగా పట్టిందంటే ఎదురింటి గేటు కనిపించలేదు. కొడుకు ముందు రోజు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాడు. ఆరూ నలభైకి ఫోను మోగింది. ఒకటి. రెండు. ఆగిపోయింది.

"వచ్చేస్తన్నాడు," అని బియ్యం కడిగాను.

కోడలు గడియారం చూస్తూనే ఉంది. ఏడుంపావు అయింది. లేచి చీర విప్పుకుంది. మనవరాలిని తయారు చేసి బడి రిక్షా ఎక్కించింది. ఎనిమిదైంది. అన్నం వార్చి, పప్పు దించాను. తొమ్మిదైంది. కొడుకు రాలేదు.

కోడలు వాడి సెల్లుకి చేసింది. స్విచ్ ఆఫ్ అని హిందీలో ఎవరో ఆడమనిషి చెబుతోంది.

"మందిర్ హసౌద్ నుంచి రెండున్నర గంటలా అత్తయ్యా?"

"సిగ్నలిచ్చుండరు. గూడ్సుబండే అది, నీ పెళ్లి ఊరేగింపు కాదు."

"మరి ఫోను ఎందుకు ఆపేశారు?"

"ఛార్జింగు అయిపోయుంటాది."

అలా అన్నానే గానీ దించిన పప్పునే మళ్లీ పొయ్యి మీద పెట్టాను. కిందటి చలికాలం మా వీధిలోనే ఉండే గార్డు ఒకాయన మంచులో గార్డు పెట్టె, బ్రేక్‌వ్యాను, దిగబోయి కంకర మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మా ఇద్దరికీ అదే గుర్తొచ్చింది. కోడలు లాబీకి ఫోను చేసింది. గార్డులూ డ్రైవర్లూ డ్యూటీ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ సంతకం పెట్టే ఆఫీసు అది. ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. పదైంది. గుమ్మంలో నిలబడింది, లోపలికి వచ్చింది, మళ్లీ గుమ్మంలో నిలబడింది.

"కాలు కాలిన పిల్లిలా తిరక్కు. తాళం తీసుకో, ఎల్దాం" అన్నాను.

తను పొద్దున్న విప్పిన చీరే మళ్లీ చుట్టుకుంది. కుచ్చిళ్లు కూడా సరిగా పెట్టుకోలేదు. నడిచే వెళ్లాం. నాకు మోకాళ్ల నొప్పి. ఆ రోజు అది ఉన్నట్టే తెలియలేదు.

లాబీ కిటికీ దగ్గర మఫ్లరు చుట్టుకున్న ఒక ఛత్తీస్‌గఢీ మనిషి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "కా హోగే, దాయీ?" అన్నాడు. ఏమైంది అమ్మా అని. కోడలు కొడుకు పేరు చెప్పింది. అతను రిజిస్టరు తిప్పాడు. వేలు పెట్టి చూశాడు. ఎవరికో ఫోను చేసి, చాలాసేపు విని, పెట్టేశాడు. నా ప్రాణం ఆ పెట్టేసిన చప్పుడు దగ్గరే ఉండిపోయింది.

"మీ అబ్బాయి బండి రాత్రి నుంచీ ఆరంగ్‌లోనే ఖడీగా, ఆగి ఉంది. మంచు కదా, లైను ఖాళీ లేదు. ఇప్పుడే కదిలింది. ఇంకా మందిర్ హసౌద్ కూడా రాలేదు. సబ్ ఠీక్ హై, ఇంటికి వెళ్లండి."

నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. కొంగుతో ముఖం తుడుచుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. తల ఎత్తి చూస్తే కోడలి ముఖంలో సంతోషం లేదు. తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆయన ఇంకా మందిర్ హసౌద్ రాలేదు," అంది నెమ్మదిగా. "మరి పొద్దున్న రెండుసార్లు మోగించింది ఎవరు?"

నేను గట్టు మీంచి లేచేలోపే తను రోడ్డు మీదికి వెళ్లి రిక్షా ఆపింది. నన్ను రమ్మనలేదు. నేనే వెళ్లి ఎక్కాను.

బడి ఆఫీసులో కొత్త గుమాస్తా ఉన్నాడు. అంతకుముందు ఉన్న పెద్దాయన ఎత్తేదాకా మోగించేవాడు, పదిసార్లైనా సరే. ఆయన దసరాకి రిటైరయ్యాడు. ఈ కుర్రాడికి అంత ఓపిక లేదు. కోడలు అడగ్గానే ఒక నోటుబుక్కు తీసి చూపించాడు.

"లగాయా థా మేడం, ఫోను చేశాను. రెండు ఘంటీలు పోనిస్తాను. ఎత్తకపోతే పక్క పేరు. పొద్దున్నే నాకు వంద పనులుంటాయి. చూడండి, మీ పేరు ముందు ప్రతిసారీ కాటాయే."

కోడలి పేరు పక్కన ఎర్ర సిరాతో అడ్డగీతలు. ఎన్నో నేను లెక్కపెట్టలేదు. దసరా నుంచి ఆ రోజు దాకా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి నేను బియ్యం కడిగాను, కొడుకు ఆలస్యంగా వస్తే గూడ్సు కదా అనుకున్నాను. కొడుకు ఇంట్లోనే ఉన్న రోజుల్లో అయితే రాంగ్ నంబరని నవ్వుకున్నాం.

హెడ్‌మేడం లోపలికి పిలిచింది. కూర్చోమనలేదు. అయిదో క్లాసు టీచరుకి అనుకున్న దానికన్నా ముందే నొప్పులొచ్చి ఆస్పత్రికి వెళ్లిందట. పొద్దున్నే మనిషి కావాల్సి వచ్చింది. మొదట మా ఇంటికే ఫోను చేయించింది. "ఎప్పటిలాగే ఎవరూ ఎత్తలేదు. రెండో పేరావిడ వచ్చేసింది. నాలుగు నెలలూ ఆవిడే."

నేనే ముందుకి వెళ్లాను. నా హిందీలో, వచ్చినంతలో చెప్పాను. "మేడమ్‌జీ, బహూ కీ గలతీ నహీ. మేరా గలతీ. ఫోన్ నై ఉఠానా, మై బోలీ." కోడలి తప్పు కాదు, ఫోను ఎత్తొద్దన్నది నేనే అని. కొడుకు సంగతి, రెండు మోతల సంగతి, బియ్యం సంగతి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసింది.

"మాతాజీ, మీ ఇంటి ఫోను మీ ఇష్టం. ఇక్కడ క్లాసు ఖాళీగా ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

"ఆవిడని రేపట్నుంచి రావద్దనండి. మొదటి పేరు మాదే కదా."

కోడలు నా చేయి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. "వద్దు అత్తయ్యా. ఆవిడ వచ్చేసింది, క్లాసులో ఉంది. ఆవిడకీ ఇల్లుంది." తర్వాత మేడంకి నమస్కారం పెట్టి బయటికి నడిచింది.

గేటు దాటాక తిరిగి నిలబడింది. పెళ్లయి ఏడేళ్లయినా దాని గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"రెండేళ్లు చీర కట్టుకుని కూర్చున్నాను. మీరు నవ్వారు, పోనీలే అనుకున్నాను. కరెంటు బిల్లన్నారు, పోనీలే అనుకున్నాను. మోగే ఫోను పక్కన కూర్చుని, నాకొచ్చిన పిలుపులు నేనే పోనిచ్చుకున్నాను. మీరు తిడతారని! ఆ భయం కాకపోతే ఎత్తేదాన్ని కదా!"

దారినపోయే రిక్షావాడు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. "ఆగే దేఖో భయ్యా!" అని వాడి మీద కూడా అరిచింది. నా నోట్లో జవాబులున్నాయి. ఇల్లు ఎలా నడిపానో, మా ఇంటాయన పోయాక ఎన్ని ఆపుకుని కొడుకుని చదివించానో, అన్నీ వచ్చాయి. వాటిలో నిలబడే మాట ఒక్కటీ లేదు.

కొడుకు రెండింటికి వచ్చాడు, సెల్లు ఛార్జింగే అయిపోయిందట. పొద్దుటి అన్నం చల్లారిపోయి గట్టిపడింది. అదే పెట్టాను. సంగతి విని కంచం పక్కకి జరిపాడు.

"నాలుగు దాకా ఎత్తొద్దన్నది నువ్వే కదమ్మా."

"ఇంకోసారి చెప్పక్కర్లేదు, నాకు తెల్సు."

"పోనీ, నేను ఒక్కసారే మోగిస్తాను. రెండోది మోగితే ఎత్తేయండి."

వంటింట్లోంచి కోడలు అంది. "మీ తల్లీకొడుకులు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు మోగించుకోండి. నేను ఫోను దగ్గర కూర్చోను."

"మరెక్కడ కూర్చుంటావే?" అన్నాడు కొడుకు.

"బడి దగ్గరే కూర్చుంటాను. ఆ కుర్రాడు ఫోను తియ్యాల్సిన పనే ఉండదు."

మర్నాడు ఆరున్నరకల్లా వెళ్లి ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంది. నేను అయిదింటికే లేచి రొట్టెలు చేసి డబ్బా కట్టాను. తీసుకుంది, మాట్లాడలేదు. ఎనిమిదింటికి తిరిగి వచ్చింది. ఆ రోజు ఎవరూ సెలవు పెట్టలేదు. డబ్బాలో రొట్టెలు ఇంట్లోనే కూర్చుని తింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. రిక్షా ఎందుకని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నడిచింది. పక్కింటావిడ గోడ మీంచి, "మీ కోడలు ఎల్లడం, వచ్చేయడం! వాకింగేటి?" అని నవ్వింది. "నీ కోడలు లేచేసరికి నా కోడలు నాలుగు మైళ్లు నడిచొస్తంది" అన్నాను.

ఆరో రోజు ఎనిమిదైంది, రాలేదు. ఎనిమిదిన్నరకి వీధి చివరిదాకా వెళ్లి చూశాను. తొమ్మిదికి మళ్లీ చూశాను. మంచు విడిపోయి దారంతా తేటగా కనిపిస్తోంది, దాని మీద మా మనిషి లేదు. లోపలికి వచ్చి పని చేసుకోవాలనుకున్నాను, చేతకాలేదు. గుమ్మంలో పీట వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

ఒంటిగంటన్నరకి వచ్చింది. కొంగు నిండా సుద్దపొడి. చెప్పులు విప్పి, ఖాళీ డబ్బా నా చేతిలో పెట్టింది.

"ఏ క్లాసు?" అని అడిగాను.

"నాలుగు. ఇవాల్టికే."

"రేపు?"

"రేపు తెలీదు." నీళ్లు తాగింది. ఆ వారంలో మొదటిసారి నా వైపు చూసి మాట్లాడింది. "రేపట్నుంచి ఇంకా పెందలాడే వెళ్లాలి అత్తయ్యా. మూడో పేరావిడ కూడా ఇవాళ వచ్చి బెంచీ మీద కూర్చుంది."

"ఎన్నింటికి వచ్చింది?"

"నా తర్వాత పది నిమిషాలకి."

"అయితే నాలుగున్నరకే లేపుతాను" అన్నాను.