కరివేపాకు కుండీలో చేపగుడ్లు

నిజం చెప్పొద్దూ, చేపల మీద నాకు మొదట్లో పెద్ద ప్రేమేం లేదు. ఈ పరాయి దేశంలో మేముండే గిరావీన్‌లో, మా పక్కవీధి ముసలాయన చూపు మందగించి, తను గాజుతొట్టిలో పెంచుకునే కిల్లీ అనే జాతి రంగుచేపల్ని నాకు అప్పగించాడు. చిటికెన వేలంత ఉంటాయి. ఆఫ్రికా అడవుల్లో, చిత్తడి మడుగుల్లో పుట్టే జాతి. అక్కడ ఆ అడవుల్ని కొట్టేస్తున్నారు, ఇక్కడికేమో బయటిదేశాల నుంచి కొత్తవి రానివ్వరు. "ఏ షాపులోనూ దొరకవు. నాకు తెలిసి ఈ దేశంలో ఇవే ఆఖరివి, పోనివ్వకమ్మా," అన్నాడు ఇంగ్లీషులో. సరేనన్నాను. ఆఫీసు, వంట, పిల్లదాని స్విమ్మింగ్ క్లాసు, ఆపైన వీటికి నీళ్లు మార్చడం. ఒళ్లు హూనమైపోయేది.

ఆ వేసవిలో నీళ్లు వేడెక్కి పెద్ద చేపలన్నీ చచ్చిపోయాయి. మిగిలినవి గుడ్లే. వాటిని గోధుమరంగు తడి నాచుపొడిలో కలిపి, కవర్లో కట్టి, కొన్ని వారాలు చీకట్లో ఉంచాలి. తర్వాత నీళ్లు పోస్తే పిల్లలవుతాయి. కవర్ని వంటింటి అలమరలో పెట్టి, లాప్‌టాప్ ముందు కూలబడ్డాను.

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యకు ఇక్కడ ఒకటే బెంగ, కరివేపాకు మొక్క. వాడేసిన టీపొడంతా దాని మొదట్లోనే వేసేవారు. గడువు తీరి, గుడ్లకు నీళ్లు పోద్దామని అలమర తెరిస్తే కవరు లేదు.

"అత్తయ్యా, అలమరలో కవరేదండీ?"

"ఆ పాత టీపొడా? పారెయ్యడం ఎందుకని మొక్కకి వేశానమ్మాయ్. ఏం, ఏమైంది?"

కోపం నషాళానికంటింది. అరిచే ఓపిక కూడా లేక కుండీ ముందు చతికిలబడ్డాను. సంగతి విని, "అయ్యో, నా చేతులు పడిపోనూ!" అంటూ ఆవిడా కొంగు దోపుకొని నా పక్కన కూర్చున్నారు. పైమట్టి గరిటెతో తీసి బకెట్ నీళ్లలో వేశాం.

ఒక్కటంటే ఒక్క పిల్ల లేచింది. వేరే గాజుతొట్టిలో వేసి పెంచాను. పెరిగేకొద్దీ ఒళ్లంతా నీలం, దాని మీద ఎర్రచుక్కలు తేలాయి. అంత రంగు మగవాటికే వస్తుంది, ఇక గుడ్లు పెట్టడానికి ఆడది లేదు. ముసలాయనకు ఫోన్ చేసి చెప్పాను. "థాంక్స్ ఫర్ రింగింగ్, లవ్," అని పెట్టేశాడు.

అత్తయ్య మాత్రం సంబరపడిపోయారు. "చూశావా, దేవుడు నా పరువు దక్కించాడు!" అన్నారు తొట్టి దగ్గర కుర్చీ వేసుకొని. "ఒంటరిగా తిరుగుతోంది పాపం. శనివారం సరుకులకి హారిస్ పార్క్ బజారు వైపు వెళ్తాంగా, దీనికో జత తెద్దామా?"

ఇవి ఏ షాపులోనూ దొరకవని చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి మానుకున్నాను.

"అలాగేలెండి, అత్తయ్యా," అన్నాను.