అమ్మ కోయని మాట

మా చెల్లి అత్తగారికి స్పానిష్ తప్ప మరో భాష రాదు. అమ్మకు తెలుగే వచ్చు. ఇద్దరి మధ్యా, తెలుగు నేర్చుకున్న మా మరిదే దిక్కు. అమ్మ పది మాటలంటే అతను రెండు ముక్కల్లో తేల్చేసేవాడు.

"నా మాటలకి నీ కత్తెరేంటి అల్లుడూ?"

"సారాంశం చెప్పాను అత్తయ్యా."

"నేను సారాంశం మాట్లాడలేదుగా!"

అమ్మ దర్జీ. మిషన్ తొక్కే మమ్మల్నిద్దరినీ పెంచింది. కూతురు కాపురమున్న ఇంటి పెద్దావిడతో ఒక్కసారైనా నేరుగా మాట్లాడాలని పంతం పట్టి, అరవై దాటాక సాయంత్రం స్పానిష్ క్లాసులో చేరింది.

మామూలు క్రియారూపాలు ఆమెను ఏడిపించాయి. మాటకున్న తోక కోసి మరోటి అతకాలి మరి. ఒకరోజు మాత్రం వెలిగిపోతూ వచ్చింది.

"మర్యాదగా 'మాట్లాడతారా' అనడానికీ, 'నేనైతే మాట్లాడేదాన్ని' అనడానికీ వేరే పద్ధతుందే! గుడ్డ కోయక్కర్లేదు. అబ్లార్ అంటే మాట్లాడటం. దాన్నలాగే ఉంచి చివర చేతులు కుట్టడమే!"

ఇక మిషన్ దగ్గర అదే వల్లింపు. నేనైతే అబ్లారియా, నువ్వైతే అబ్లారియాస్, ఆవిడైతే అబ్లారియా, మనమైతే అబ్లారియామోస్, మీరంతా అయితే అబ్లారియాయిస్, వాళ్లైతే అబ్లారియాన్. తినడానికి కొమేరియా, బతకడానికి బివిరియా.

"మూడు రకాలకీ ఒకే కొలత!" అని మురిసిపోయేది.

"ఏం మంత్రమమ్మా అది?" అంది జాకెట్టు కోసం వచ్చిన పక్కింటావిడ.

"వియ్యపురాలిని లొంగదీసేది."

ఆదివారం చెల్లి వాళ్లు అత్తగారితో కలిసి భోజనానికి వచ్చారు. అమ్మ చేతులు తుడుచుకుని ఆవిడకు ఎదురుగా కూర్చుంది.

"అబ్లారియా ఉస్తెద్ కోన్మీగో?" మీరు నాతో మాట్లాడతారా?

ఆవిడ ముఖం విప్పారింది. అంతే, గలగలా మొదలెట్టింది. అమ్మకు ఒక్క ముక్క అందితే ఒట్టు. మరిది నోరు తెరిచాడు. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అబ్లారియా... మాస్ దెస్పాసియో?" ఇంకాస్త నెమ్మదిగా మాట్లాడతారా?

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, అంతా మొదటి నుంచీ మళ్లీ చెప్పింది, పసిపిల్లకు అన్నం తినిపించినట్టు ఒక్కో మాటా అందిస్తూ. అమ్మకు సగమే అర్థమైంది. అయినా గిరుక్కున నావైపు తిరిగింది.

"విన్నావటే? మీ చెల్లి వెళ్లాక వాళ్లింట్లో నవ్వులు పెరిగాయట! ఇంత మాట అల్లుడు ఒక్కనాడైనా చెప్పాడా?"

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. మొన్న చెల్లి అత్తగారు మా ఇంటికొచ్చి, నా చెయ్యి పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి అమ్మ గురించి మాట్లాడింది.

"మా అమ్మ బజార్లో బేరం కూడా ఇలాగే ఆడుతోంది వదినా," అన్నాడు మరిది. "మీ అమ్మగారు చేసిన అలవాటు."

ఈసారి అతను ఆవిడ అన్నదంతా ఒక్క మాటా తగ్గించకుండా తెలుగులో చెప్పాడు. నేను తలెత్తుకుని విన్నాను.