ముందుగది పాఠం

ఆ వీధిలో ఆమెను అందరూ టీచరమ్మ అనేవారు. ఆమెది వానాకాలం చదువే. ట్యూషన్ మాస్టారి భార్య కాబట్టి ఆ పేరు అంటుకుంది. "నేను టీచరమ్మనైతే మీ ఆవిడ సూదమ్మ కావాలిగా తమ్ముడూ" అని పక్కింటి దర్జీని ఆటపట్టించేది.

మాస్టారు ముందుగదిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. బల్లమీద డస్టరుతో టకటకా కొడితే చాలు, పిల్లలు అందుకునేవారు. "ఐ వాక్, యూ వాక్, హి వాక్స్, షి వాక్స్..." ఎవరు కొత్తగా చేరినా నడకతోనే మొదలు. ఆ తర్వాతే కుక్, వాష్, క్లీన్. గోడకు ఇవతల కూరలు తరుగుతూ విని విని ఆమెకూ ఆ వరుస నోటికి వచ్చేసింది. "వంట, ఉతుకు, తుడుపు అన్నీ వల్లించేది మీరు, చేసేది నేను" అనేది. ఆయన ముసిముసిగా నవ్వేవారు.

ఒకరోజు పొద్దున్నే ఆయన స్నానాలగదిలో కూలబడిపోయారు. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కుడివైపంతా చచ్చుబడింది, మాట పడిపోయింది. కాలు మెల్లగా దారికొచ్చింది గానీ మాట రాలేదు. నీళ్లు కావాలన్నా "ఆ... ఆ..." అనడమే. పిల్లలు వేరేచోట చేరిపోయారు. ముందుగది బోసిపోయింది.

వాటన్నిటికీ ఆమె ఓర్చుకుంది. ఆమెను తినేస్తున్న దిగులు ఒక్కటే. ఆయనకు తనెవరో తెలుస్తోందా, లేదా? చూస్తారు, కానీ కిటికీని చూసినట్టే చూస్తారు. పైకి అంటే నిజమైపోతుందేమోనని ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మాట తెప్పించడానికి ఆస్పత్రి నుంచి ఒక అమ్మాయి వస్తూండేది. "ఆలోచించకుండా నోటికొచ్చేవి ఏమైనా ఉన్నాయా అమ్మా ఆయనకు? పాటలు లాంటివి?"

"పాటలా! ఆయన గొంతెత్తితే పిల్లులు పారిపోయేవి తల్లీ."

ఆ అమ్మాయి వెళ్లాక గిన్నెలు సర్దుతుంటే చటుక్కున తట్టింది. డస్టరు వెతికి తెచ్చింది. ఎవరైనా వింటే నవ్విపోతారని తలుపు మూసి, ఆయన ఎదుట బల్లమీద టకటకా కొట్టి, "ఐ వాక్" అంది.

మాస్టారి పెదవులు కదిలాయి. "యూ వాక్." ముద్దముద్దగానే అయినా మాటే! "హి వాక్స్. షి వాక్స్." వరుసంతా అప్పజెప్పేశారు. ఆమె గోడకు ఆనుకుని బావురుమంది.

"అది నోటికున్న అలవాటమ్మా, మాటనుకోకండి" అంది ఆ అమ్మాయి తర్వాత, మెత్తగానే. "కానీ మానకండి."

మానలేదు. చెయ్యిపట్టి గదిలో నడిపిస్తూ రోజూ అదే పాఠం. "నాకు చెప్పమంటే ఇన్నాళ్లూ తప్పించుకున్నారుగా, ఇప్పుడు దొరికారు" అనేది. ఆయన ముఖంలో ఏ కదలికా ఉండేది కాదు.

ఒక సాయంత్రం ఆమె మొదలుపెట్టినా ఆయన అందుకోలేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నారు. మంచం పక్కనే ఉండి ఉండి ఆమె కళ్లు గుంటలు పడ్డాయి. గడప దాటి ఎన్నాళ్లయిందో! ఎడమచేత్తో ఆమె చేతిలోని డస్టరు తీసి పక్కన పెట్టారు.

"యూ" అన్నారు. ఆగారు. తలుపువైపు వేలు చూపించి, "వాక్" అన్నారు.

"నేను కాదండీ, నడవాల్సింది మీరు."

తల అడ్డంగా ఊపారు. మొద్దు పిల్లలమీద పడే ఆ పాత చిరాకే పడ్డారు. మళ్లీ ఆమెవైపు వేలు, మళ్లీ తలుపువైపు. "యూ వాక్!"

ఆమె తలుపువైపు తిరిగి చూసింది. "నన్నా? కాస్త గాలికి తిరిగి రమ్మంటున్నారా?"

ఆయన అవునన్నట్టు కళ్లు మూసి తెరిచారు.

ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు తెరిచే ఉంచి, చెప్పులేసుకుంది. వెనక్కి చూస్తూ చూస్తూనే వీధి చివరిదాకా వెళ్లింది. బేకరీలోంచి వేడి రొట్టె వాసన వచ్చింది. ఎవరో సైకిల్ ఆపి, "టీచరమ్మా, బాగున్నారా?" అని అడిగారు. బాగున్నానంది. తిరిగొచ్చేసరికి లోపల దర్జీ గొంతు వినిపించింది.

"ఒక్కరే ఉన్నారేంటి మాస్టారూ? మా అక్కయ్య ఏదీ?"

ఆమె గుమ్మం బయటే ఆగిపోయింది.

"షి వాక్స్" అన్నారు మాస్టారు.

"మీ ఇంగ్లీషు నాకేం తెలుస్తుందండీ..."

"నాకు తెలుసులే తమ్ముడూ" అంటూ ఆమె లోపలికి వచ్చింది. "నడవడానికెళ్లిందని చెబుతున్నారు. నా గురించే."